ఇంట్లో పిల్లికి సూదెందుకు

నవంబరు 6, గురువారం

గవ్వ ఇవాళ పున్నమ్మను కరిచింది.

గీరింది అని రాద్దామనుకున్నాను. నా డైరీలో నేనే అబద్ధం రాసుకోవడం దేనికి. కుడిచేతి బొటనవేలి కింద మెత్తటి చోట రెండు పళ్ళు దిగాయి. పున్నమ్మ ఎప్పటిలాగే పొద్దున్నే రేపల్లె బండి దిగి, చేపలబుట్టతో వచ్చి మా పెరటి మెట్ల మీద కూర్చుంది. మెత్తళ్ళు ఒక్కొక్కటే దాని ముందు వేస్తోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, అత్తయ్యగారు ఇంకా పూజలోనే ఉన్నారా లేదా అని ఒక చెవి లోపలికే పెట్టి ఉన్నాను. కింద సందులో ఎవరిదో మోటారు సైకిలు పెద్ద చప్పుడు చేసింది. పిల్లి ఎగిరి పడింది. చేప అనుకుని పట్టిందో, బెదిరి పట్టిందో తెలియదు.

రక్తం ఎక్కువ రాలేదు. పున్నమ్మ కొంగుతో అదిమి పట్టుకుంది. నేను లోపలికి పరిగెత్తి పసుపు తెచ్చి అద్దాను. కరిచిన చోట సబ్బు పెట్టి ధారకింద పావుగంట కడగాలని నాకు తెలుసు. ఏడో తరగతి పిల్లల చేత చార్టు రాయించి బడి గోడకు అంటించినదాన్ని నేనే. కానీ మెట్ల మీద నీళ్ళ చప్పుడైతే అత్తయ్యగారు వచ్చేస్తారు. పసుపుకు చప్పుడు ఉండదు.

"దీనికి సూదేయించారా అమ్మా?" అంది పున్నమ్మ.

"వేయించాను" అన్నాను.

"కుక్కలకేసేదేనా?"

"అదే. అన్నీ అయిపోయాయి."

"అయితే పర్లేదులే. మా ఈధిలో మొన్నొకడిని కుక్క పీకింది, అందుకని అడిగా." బుట్ట నెత్తికెత్తుకుంది. కార్తీకమాసం కదా, చేపల బేరాలు లేవట. నెల వెళ్ళేదాకా తెనాలి రానంది. హార్బరు దగ్గర రొయ్యలు వలిచే పనికి వెళుతుందట.

అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించి ఉంటే అనేదాన్ని కాదు. ఆలోచించి ఉన్నా అనేదాన్నేమో. అయినా ఇంట్లో పిల్లికి ఏ జబ్బు వస్తుంది. గడప దాటదు.

నవంబరు 7, శుక్రవారం

నెట్‌లో చూశాను. కరిచిన పిల్లి ఆ తర్వాత పది రోజులు ఏ జబ్బూ లేకుండా బతికి ఉంటే, కరిచిన రోజున దాని నోట్లో రేబిస్ లేనట్టే. పది రోజులంటే పదహారో తారీఖు. ఆదివారం.

కిందనే ఇంకో వాక్యం ఉంది. పది రోజుల కోసం ఆగకుండా మనిషికి సూదులు మొదలుపెట్టేయాలి అని. అక్కడిదాకా చదివి ఫోను పక్కన పెట్టాను.

గవ్వ బాగుంది. నా చున్నీతో ఆడుకుంటోంది.

నవంబరు 8, శనివారం

గడప దాటదు అని మొన్న రాశాను. ఇవాళ కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. నవ్వు కాదులే.

రెండేళ్ళ క్రితం మా ఆయన బాపట్ల నుంచి వస్తూ తన టిఫిన్ సంచిలో పెట్టుకొచ్చారు దీన్ని. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతారాయన. స్టేషన్లో బెంచీ కింద దొరికిందట. తెల్లటి ఒళ్ళు, వీపు మీద గోధుమరంగు చారలు. గవ్వలా ఉందన్నాను, అదే పేరైంది. అత్తయ్యగారు పెట్టిన షరతు ఒక్కటే, తన మడిబట్టకు తగలకూడదని. మాంసం, చేప ఈ ఇంటి మొహం చూసి ఎరగవు. కాబట్టి గవ్వ కూడా పెరుగన్నం తిని పెరిగింది. పెరగడం అంటే పెరగలేదు. ఒంటి మీద బొచ్చు ఊడిపోయి, ఎముకలు తేలి ఉండేది.

ఫిబ్రవరిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి ఇక్కడి పశువుల డాక్టరు జయలక్ష్మిగారి దగ్గరకు తీసుకెళితే ఆవిడ నా మీద కేకలేశారు. "పిల్లి బ్రాహ్మణ పుటక పుట్టలేదండి. చేపలైనా పెట్టండి, లేకపోతే చచ్చిపోతుంది" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. కుట్లు మానాక రెండు వారాల్లో తీసుకురండి, రేబిస్ టీకా వేయాలి అని.

"ఇంట్లోనే ఉంటుందండి. గడప దాటదు" అన్నాను.

"ఇంట్లో పిల్లికీ వేయాలండి. తలుపు ఒక్క పూట తీసి ఉంటే చాలు."

సరేనండి అని వచ్చేశాను. డాక్టరు చెప్పిన రెండిట్లో కష్టమైనది చేశాను, తేలికైనది మానేశాను. చేపల కోసం పున్నమ్మను వెతికి పట్టుకుని, వారానికి మూడు రోజులు, అత్తయ్యగారి పూజ వేళకు సరిగ్గా వచ్చేలా ఏర్పాటు చేశాను. టీకాకు మాత్రం వెళ్ళలేదు. బుట్టలో పెడితే అది ఏడుస్తుంది. ఆ ఏడుపు వినలేను. పైగా ఇంట్లో పిల్లికి సూదెందుకు అనుకున్నాను.

చేప గడప లోపలికి రాకూడదు. అందుకని గవ్వ గడప బయటికి వెళ్ళి తింటోంది. వారానికి మూడు రోజులు, ఫిబ్రవరి నుంచి. ఇది ఇవాళ రాస్తుంటేనే నాకు తట్టింది. చేపల వాసనకు కింద సందులోని కుక్కలూ, మురుగుకాలవ గట్టున తిరిగే ముంగిసలూ, ఊరపిల్లులూ ఆ మెట్ల కిందే కాపలా కాస్తాయి. తొమ్మిది నెలలుగా దాన్ని అక్కడ కూర్చోబెట్టి, ఇంట్లో పిల్లి ఇంట్లో పిల్లి అంటూ తిరుగుతున్నాను.

దసరా సెలవుల్లో దాని మెడ వెనక ఒక గాయం కనిపించింది. ఏదో కరిచినట్టే ఉంది. గోడకు గీసుకుందని ఆయనతో చెప్పాను. దానికి కూడా పసుపే అద్దాను.

నవంబరు 9, ఆదివారం

మూడో రోజు. తిన్నది. పడుకున్నది. నీళ్ళు తాగింది. నా కళ్ళతో చూశాను, నాలుగుసార్లు.

నవంబరు 10, సోమవారం

కార్తీక సోమవారం. అత్తయ్యగారు ఉపవాసం. ఇల్లంతా దీపాలు, నూనె వాసన.

బడి నుంచి వచ్చేసరికి గవ్వ బీరువా కింద దూరి ఉంది. పిలిస్తే రాలేదు. చెయ్యి పెడితే గుర్రుమంది. ఎప్పుడూ అలా అనదు. మెత్తళ్ళు లేవు కదా, అలిగి ఉంటుంది. నాలుగు రోజులుగా పెరుగన్నమే.

అత్తయ్యగారు కాలికి గుడ్డ కట్టుకున్నారు. ఏమైందంటే ప్రమిద తగిలి చురుక్కుమందన్నారు. ఈ దీపాలతో ఏటా ఇదే గొడవ.

అలిగి ఉంటుంది. ఇంకేం కాదు.

నవంబరు 11, మంగళవారం

బడికి సెలవు పెట్టి బాపట్ల వెళ్ళాను, గవ్వను బుట్టలో పెట్టుకుని. జయలక్ష్మిగారి దగ్గరకు ఏ మొహం పెట్టుకుని వెళతాను. ఆయన ఎక్కిన బండి వెళ్ళాక తర్వాతి బండి ఎక్కాను. బాపట్లలో ఆయన కాలేజీ ఉన్న వైపు తొంగి చూడకుండా, ఆటో అతను దగ్గరి దారి అంటుంటే దూరపు దారిన పోనిమ్మని, దొంగలా వెళ్ళాను. గవ్వ దారి పొడుగునా ఏడ్చింది. బండిలో పక్క సీటావిడ "పాపం, పిల్లి కాబోలు" అంది. కాదు, పనసకాయ అందామనిపించింది.

అక్కడి డాక్టరు బట్టతలాయన, నిదానస్తుడు. గవ్వను బల్ల మీద పెట్టి నోరు, కళ్ళు, కాళ్ళు చూశాడు.

"ఏంటమ్మా సమస్య?"

"టీకా వేయాలండి. రేబిస్‌ది." గొంతు తగ్గించాను. "దాని టీకా పుస్తకంలో తారీఖు మాత్రం ఫిబ్రవరిది వేయగలరా?"

ఆయన చెయ్యి ఆగింది. "ఎవర్నైనా కరిచిందా?"

"లేదండి" అన్నాను. మళ్ళీ, "ఇంట్లోవాళ్ళను కాదండి" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. "నేను ఫిబ్రవరి తారీఖు వేసినంత మాత్రాన దానికి ఫిబ్రవరిలో మందు పడినట్టు కాదు కదమ్మా. పుస్తకం చూసి మీకు ధైర్యం వస్తుంది, అంతే. కరిచిన పిల్లికి ఈ పది రోజులూ నేనేమీ వేయను. కదలకుండా ఒక గదిలో పెట్టి చూడండి. పదో రోజుకి బాగుంటే అప్పుడు తీసుకురండి, వేస్తాను."

"ఇప్పుడెలా ఉందండి?"

"ఇప్పటికి బాగానే ఉంది. బెదిరింది. ఇప్పటికి అంటున్నాను." తర్వాత అడిగాడు, "కరిపించుకున్నవాళ్ళకి సూదులు పడుతున్నాయా?"

"పడుతున్నాయండి."

"అయితే భయం లేదు. ఒకసారి ఆ జబ్బు పైకి తేలిందంటే మనిషి దక్కడమ్మా. తేలకముందు సూదులు పడ్డాయంటే దక్కినట్టే. పిల్లి సంగతి తర్వాత, ముందు ఆ మనిషి సంగతి."

పున్నమ్మ ఊరు అక్కడికి ఎంత దూరమో కూడా ఆలోచించాను. చెప్పడానికి అప్పటికప్పుడే వెళ్ళిపోవచ్చు. స్టేషనుకు వచ్చి తెనాలి టిక్కెట్టు తీశాను.

బాగానే ఉంది అన్నాడు డాక్టరు. ఆ మాటే పట్టుకుని ఇంటికొచ్చాను.

నవంబరు 12, బుధవారం

పున్నమ్మకు ఫోను చేశాను. వాళ్ళబ్బాయి బ్రహ్మాజీ ఎత్తాడు.

"అమ్మ రొయ్యల పనికెళ్ళిందండి. ఏంటండి, ఏమైనా సెప్పాలా?"

"ఏం లేదు బాబూ. ఊరికే చేశాను."

ఆరో రోజు. ఇంకా నాలుగే. ఆరు రోజులు బాగున్నది నాలుగు రోజులు బాగుండదా. ఇప్పుడు చెప్పి ఆవిడను హడలగొట్టడం కన్నా నాలుగు రోజులు ఆగితే చెప్పే పనే ఉండదు. పున్నమ్మ నిశ్చింతగా ఉంది. ఆ నిశ్చింత నేనెందుకు చెడగొట్టాలి.

ఇది చదువుకుంటే నాకే అసహ్యం వేస్తోంది. కొట్టేయను. ఉండనీ.

నవంబరు 13, గురువారం

గవ్వ లేదు.

పొద్దున, పున్నమ్మ వచ్చే వేళకు, పెరటి తలుపు దగ్గర కూర్చుని ఒకటే అరుపు. తలుపు గీకుతోంది. అత్తయ్యగారు పూజలో ఉన్నారు. గదిలో పెట్టి ఉంచమని డాక్టరు చెప్పిన సంగతి నాకు గుర్తుంది. ఐదు నిమిషాలు మెట్ల మీద కూర్చుంటే ఊరుకుంటుందని తలుపు తీశాను. అది మెట్లు వాసన చూసింది. పై మెట్టు, కింది మెట్టు, ఇంకో మెట్టు. గోడెక్కి నా వైపు ఒకసారి చూసి అటు దూకేసింది.

పదిన్నర దాకా వెతికాను. బడికి వెళ్ళలేదు. కాలవ గట్టు, అవతలి వీధి, కొట్టు వెనక చెత్తకుండీ. ఒకావిడ తెల్లపిల్లిని చూశానంది, ఇంకొకావిడ నల్లదాన్నంది. సాయంత్రం ఆయన కూడా తిరిగారు. "వస్తుందిలే, ఎక్కడికి పోతుంది. నాలాగే, తిండి వేళకు వస్తుంది" అని నవ్వించబోయారు. నాకు నవ్వు రాలేదు. ఆయన దిగులు పిల్లి కోసం. నాకు పిల్లి కోసం మాత్రమే అయితే ఎంత బాగుండు.

ఏడో రోజు ఇది. పిల్లి లేకపోతే ఎనిమిది లేదు, తొమ్మిది లేదు, పది లేదు. ఇంక దేన్ని చూసి లెక్కపెట్టను.

నవంబరు 14, శుక్రవారం

బడిలో బాలల దినోత్సవం. చాక్లెట్లు పంచాను. గవ్వ రాలేదు.

నవంబరు 15, శనివారం

రేపల్లె వెళ్ళాను. చెప్పేయడానికే వెళ్ళాను. అది మాత్రం నిజం.

మధ్యాహ్నం బండి. సంచిలో కొల్లూరు అరటిపళ్ళు ఒక అత్తం. స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుని, బ్రహ్మాజీని ఫోనులో దారి అడుగుతూ, హార్బరు దారిలో వాళ్ళ పేటకు చేరాను. పున్నమ్మ వాకిట్లో రొయ్యపొట్టు ఎండబెడుతోంది. నన్ను చూసి కంగారుగా లేచి, కుర్చీ లేదని ఇంట్లోంచి కొత్త దుప్పటి తెచ్చి అరుగు మీద పరిచింది.

"ఏంటమ్మా, ఇంత దూరం. పిల్లికేమైనా అయిందా?"

"లేదు. బాగుంది" అన్నాను.

బాగుంది అన్నాను. ఎక్కడుందో తెలియని దాన్ని.

"చెయ్యి ఎలా ఉంది?" అని అడిగాను.

"రెండ్రోజులు పొంగింది. ఇక్కడి నర్సమ్మకు సూపించా. ఏ పిల్లి, ఈధిదా ఇంటిదా, సూదులేశారా అని అడిగింది. తెనాల్లో పంతులుగారింటి పిల్లి, అన్నీ ఏయించారు అని సెప్పా. ఎవరు సెప్పారంది. ఆ అమ్మే సెప్పింది, బళ్ళో టీచరు, ఆవిడ అబద్ధమాడదు అన్నా. అయితే రేబిస్‌ది వద్దులే అని ధనుర్వాతం సూదొక్కటేసి పంపింది."

నవ్వుతూ చెయ్యి చాపి చూపించింది. రెండు చుక్కలు, మానిపోయి. ఆ చేత్తోనే నాకు సోడా తెప్పించి ఇచ్చింది.

నేను ఆ సోడా తాగాను. అరటిపళ్ళు ఇచ్చాను. వచ్చేశాను.

చెప్పడానికే వెళ్ళాను. ఆ మాట అన్నాక ఎలా చెప్పను. అబద్ధమాడదు అంది. నా ఎదురుగా, నా గురించి. బండిలో తెనాలి చేరేదాకా ఒకటే అనుకున్నాను, ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్నని. ఆవిడ ఎందుకు అడుగుతుంది. ఆవిడకు జవాబు ఎప్పుడో దొరికింది.

గవ్వ రాలేదు.

నవంబరు 16, ఆదివారం

పదో రోజు. చాలా రాయాలి.

పొద్దున కాఫీ కలిపి ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాను. అత్తయ్యగారు జపం ముగించి వచ్చి ఎదురుగా పీట వేసుకున్నారు. ఆవిడ పేరు సూర్యకుమారి. ఊళ్ళో అందరికీ ఆవిడంటే కొంచెం భయం, నాకు కొంచెం ఎక్కువ.

"పిల్లి కోసం ఇంత దిగులేంటి వాగ్దేవీ? మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినటం లేదు."

"అత్తయ్యగారూ, నేనొక తప్పు చేశాను" అన్నాను. "ఫిబ్రవరి నుంచి దానికి చేపలు పెట్టిస్తున్నాను. మన పెరటి మెట్ల మీదే. మీకు తెలియకుండా."

ఆవిడ చెయ్యి విసిరారు, ఈగను తోలినట్టు. "ఆ సంగతి నాకు తెలుసు. నాకు ముక్కు లేదనుకున్నావా. ఆ వేళకు నేను పూజగది తలుపు దగ్గరకు వేసుకుంటున్నాను, నువ్వు కంగారు పడకుండా. నోరులేని జీవి. దాని తిండి దానిది."

తొమ్మిది నెలలు నేను ఒంటికాలి మీద నిలబడి కాసిన కాపలా అంతా దండగ. అంత బాధలోనూ ఒళ్ళు మండింది నాకు. ఒక్క మాట చెప్పి ఉంటే చేపలు వరండాలో పెట్టుకునేదాన్ని, పిల్లి మెట్ల మీదికి వెళ్ళేది కాదు. ఆ మాట ఆవిడ అనలేదు, నేను అడగలేదు.

"అది కాదత్తయ్యగారూ. మొన్న గురువారం కాక అవతలి గురువారం అది పున్నమ్మను కరిచింది."

"అదీ తెలుసు. వంటింటి కిటికీలోంచి విన్నాను. సూదులన్నీ వేయించానన్నావుగా ఆమెతో."

నేను కాఫీ గ్లాసు పక్కకు జరిపాను.

"వేయించావుగా?" అన్నారు.

అప్పుడు ఆవిడ కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి, కాలికున్న గుడ్డ విప్పడం మొదలుపెట్టారు. మడమ పైన మూడు గీతలు, ఒక పంటి గాటు. ప్రమిద తగిలింది కాదు. "మొన్న సోమవారం బీరువా కింద దూరి ఉందని బయటికి లాగబోతే వచ్చి కాలు పట్టుకుంది. మడిలో ఉండి పిల్లిని పట్టుకున్నానని చెప్పుకోవడం ఎందుకని ఊరుకున్నాను. సబ్బుతో కడుక్కున్నాలే. నువ్వు సూదులు వేయించావు కదా అని ఇంకేం భయపడలేదు."

"వేయించలేదు" అన్నాను.

ఆవిడ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. చేపల సంగతి తెలిసి తొమ్మిది నెలలు మారని ముఖం ఇప్పుడు మారింది.

"చేపలు దాచావు, పోనీ. అది నాకు భయపడి. ఈ అబద్ధం ఎందుకమ్మా చెప్పావు? ఎవరికి భయపడి?"

ఎవరికీ కాదు. సిగ్గుపడి. చదువుకున్నదాన్ని, పిల్లలకు చార్టులు రాయించేదాన్ని, వేయించలేదు అని చేపలమ్మే ఆవిడ ముందు అనలేకపోయాను. ఇదంతా ఆవిడతో అనలేదు. ఏడ్చాను, అంతే.

"రేపల్లెలో ఆమెకు చెప్పావా?"

"నిన్న వెళ్ళాను."

"వెళ్ళావా అని అడగలేదు. చెప్పావా?"

"లేదు."

ఆవిడ లేచారు. నన్ను తిట్టలేదు. మా ఆయనను పిలిచి కారు తీయమన్నారు. ఆయన అంతా గుమ్మంలో నిలబడి విన్నారు. "అమ్మా, ముందు నీకు ఇక్కడే వేయిద్దాం, తర్వాత వెళదాం" అన్నారు. "ఆమెకు నాలుగు రోజుల ముందు కరిచింది. ఆమె తర్వాతే నాకు" అన్నారు అత్తయ్యగారు. ఆయన తాళాలు తీసుకున్నారు. రేపల్లె దాకా దారిలో ఒక్క జోకు వేయలేదు.

పున్నమ్మ వాకిట్లో నిలబడే చెప్పాను. కూర్చోలేదు. సూదులు వేయించలేదని, ఆ రోజు అబద్ధం చెప్పానని, నిన్న వచ్చి కూడా చెప్పకుండా వెళ్ళిపోయానని, పిల్లి కనబడటం లేదని. అంతా ఒక్క గుక్కలో.

ఆమె నన్ను చూసి, అత్తయ్యగారిని చూసి, తన చెయ్యి చూసుకుంది.

"మరి నర్సమ్మకు నేనట్టా సెప్పానే" అంది. లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ల గదిలో డ్యూటీ డాక్టరు అడిగాడు, "పది రోజులైంది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావమ్మా?" పున్నమ్మ నోరు తెరిచింది. నేను అడ్డం వచ్చాను. "ఆమె తప్పు లేదండి. పిల్లి నాది. టీకా వేయించానని నేనే అబద్ధం చెప్పాను." గదిలో నలుగురైదుగురు ఉన్నారు. అందరూ నన్నే చూశారు. డాక్టరు తల ఎత్తకుండా రాసుకున్నాడు.

పిల్లి దొరకలేదు కాబట్టి దానికి జబ్బు ఉన్నట్టే అనుకుని వైద్యం చేయాలన్నాడు. చేతికి సూది, కరిచిన చోట చుట్టూ సీరం. మానిపోయిన ఆ రెండు చుక్కల చుట్టూ మళ్ళీ పొడిచారు. పున్నమ్మ పళ్ళు బిగించి ఏడ్చింది. నేను భుజం పట్టుకోబోతే పక్కకు జరిగి, గోడ పట్టుకుంది. తర్వాత అత్తయ్యగారికి. తర్వాత నాకు కూడా, చేతుల నిండా దాని గోళ్ళ గీతలున్నాయి కదా.

నవంబరు 18, మంగళవారం

గవ్వ వచ్చింది!

సాయంత్రం ఐదింటికి పెరటి తలుపు దగ్గర అరుపు. తీస్తే అదే. బురద కొట్టుకుపోయి, చెవి చివర చీరుకుని, ఆకలితో. గిన్నె పెట్టగానే తిన్నది, నీళ్ళు గటగటా తాగింది, నా కాళ్ళకు రాసుకుంది. జయలక్ష్మిగారికి ఫోను చేసి మొదటినుంచీ చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. ఆవిడ తిట్టవలసినంత తిట్టి, ఇంటికే వచ్చి చూసి వెళ్ళారు. ఏ జబ్బూ లేదు. పన్నెండో రోజున ఇలా ఉందంటే, పున్నమ్మను కరిచిన రోజున దానిలో ఏమీ లేదు. అత్తయ్యగారిని కరిచి ఎనిమిది రోజులే కాబట్టి ఇంకో రెండు రోజులు గదిలో పెట్టమన్నారు. శుక్రవారం వచ్చి టీకా వేస్తానన్నారు, ఈసారి నన్ను నమ్మకుండా.

పున్నమ్మకు ఏమీ కాదు. ఎంతసేపు ఏడ్చానో.

ఫోనులో చెప్పను. రేపు రెండో సూది రోజు. ఎదురుగా నిలబడి, ముఖం చూసి చెప్పాలి. ఆ ముఖం తేలికపడటం నేను చూడాలి.

నవంబరు 19, బుధవారం

అత్తయ్యగారికి, నాకు రెండో సూది ఇక్కడే తెనాలిలో వేయించుకున్నాం. మధ్యాహ్నం నేనొక్కదాన్నే రేపల్లె వెళ్ళాను.

పున్నమ్మ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది, చేతిలో చీటీ పట్టుకుని. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు.

"పున్నమ్మా, గవ్వ వచ్చేసింది. నిన్న సాయంత్రం. డాక్టరమ్మ చూసింది. ఏ జబ్బూ లేదు. నిన్నటికి పన్నెండు రోజులు కదా. నీకు ఇంక ఏమీ కాదు."

ఫోను తీసి ఫొటో చూపించాను. గవ్వ గిన్నెలో మూతి పెట్టి తింటున్న ఫొటో. ఆమె చాలాసేపు చూసింది.

"వచ్చిందా అమ్మా" అంది. "మంచిదే."

నర్సు పేరు పిలిచింది. నేను కూడా వెనకే లోపలికి వెళ్ళి, పిల్లి దొరికిందని, బాగుందని నర్సుకు చెప్పాను. దొరికినా సరే, మొదలుపెట్టినవి పూర్తిచేసుకోవడమే మంచిదంది నర్సు. పున్నమ్మ ఆ మాట వరకు శ్రద్ధగా విని తలూపింది.

"ఆపమాకమ్మా. మొత్తం ఏసెయ్యి" అంది నర్సుతో.

"సూదులు వేయించుకో, మంచిదే" అన్నాను. "కానీ భయపడకు. నిజంగానే వచ్చింది. కావాలంటే ఆదివారం బుట్టలో పెట్టుకుని తీసుకొస్తాను, నువ్వే చూద్దువుగాని."

"ఎందుకమ్మా ఆ సెమ" అంది. కోపంగా అనలేదు. మెట్ల మీద కూర్చుని గవ్వతో మాట్లాడేటప్పటి మెత్తటి గొంతే. "తెల్లపిల్లులు ఊరంతా ఉంటాయి. ఏదో ఒకదాన్ని తెచ్చి ఇదే అదంటే నాకేం తెలుస్తాది."

రవిక చెయ్యి పైకి మడుచుకుని నర్సు వైపు తిరిగింది. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇవాళ నేను చెప్పింది నిజం.